పడే వస్తువు చరమ వేగం: బాణాలు గీయడం నుంచి ఇంట్లో కొలిచేదాకా

"గాలి నిరోధం, భారం సమానమయ్యాక వస్తువు ఒకే వేగంతో పడుతుంది." ఈ వాక్యం చాలామందికి కంఠస్థం. అదే మనిషి చేతికి కాగితం ఇచ్చి బాణాలు గీయమన్నా, వేగం ఎంతో ఒక అంకె చెప్పమన్నా అక్కడే ఆగిపోతాడు. నాకు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు కూడా ఇవే. బలాలు సమానమైతే వస్తువు ఆగిపోవాలి కదా? ఏ సూత్రం వాడాలి? ఇంట్లో కొలిస్తే లెక్కకి సరిపోవడం లేదెందుకు?

చాలా తప్పులకి మూలం ఒక్కటే. గాలి నిరోధాన్ని భారంలాగే మారని బలం అనుకోవడం. అది వేగాన్ని బట్టి పెరుగుతుంది. పడే వస్తువు తనకి ఎదురొచ్చే బలాన్ని తానే పెంచుకుంటూ పోతుంది. ఈ మాట గుర్తుంచుకుని కింది వరుసలో వెళ్లండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పడే వస్తువు చివరికి అందుకునే ఆ మారని వేగాన్ని, అంటే టెర్మినల్ వెలాసిటీని, తెలుగు పుస్తకాలు చరమ వేగం అంటాయి. నేనూ అదే వాడతాను.

లెక్కకి కావలసినవి:

- వస్తువు ద్రవ్యరాశి, కిలోగ్రాముల్లో
- పడేటప్పుడు గాలికి ఎదురుగా ఉండే వైశాల్యం, చదరపు మీటర్లలో
- గాలి సాంద్రత: మామూలు గదిలో ఘనపు మీటరుకి దాదాపు 1.2 కిలోగ్రాములు
- గురుత్వ త్వరణం: 9.8
- డ్రాగ్ (గాలి నిరోధం) గుణకం: ఆకారాన్ని బట్టి మారే అంకె. నున్నటి గోళానికి సుమారు 0.47

ప్రయోగానికి కావలసినవి:

- 80 జీఎస్ఎమ్ ఏ4 కాగితాలు ఐదారు
- కంపాస్, కత్తెర, టేపు
- కొలిచే టేపు
- స్లో మోషన్ ఉన్న ఫోన్, దాన్ని కదలకుండా నిలబెట్టే స్టాండు
- గాలి కదలని గది, ఎక్కి వదలడానికి గట్టి స్టూలు

తూకం లేదని ఆగిపోకండి. 80 జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములని అర్థం. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి ఒక కాగితం బరువు 5 గ్రాములు. దీన్నించి మిగతావన్నీ లెక్క కట్టుకోవచ్చు.

## 2. మూడు క్షణాలకి మూడు బొమ్మలు గీయండి

ఒక్క బొమ్మ గీసి సరిపెట్టుకోవడం అలవాటు. అది చాలదు. వదిలిన క్షణానికి ఒకటి, మధ్యలో ఒకటి, చరమ వేగం వచ్చాక ఒకటి, మొత్తం మూడు గీయండి.

వస్తువుని ఒక చుక్కగా పెట్టండి. కిందికి భారం బాణం. మూడు బొమ్మల్లోనూ దీని పొడవు ఒకటే. పైకి గాలి నిరోధం బాణం. మొదటి బొమ్మలో ఇది లేదు, రెండో దాంట్లో పొట్టిగా ఉంటుంది, మూడో దాంట్లో భారమంత పొడవు అవుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. వేగాన్ని బాణంగా చూపాలనిపిస్తే వస్తువుకి పక్కగా, వేరే రంగులో గీయండి. వేగం బలం కాదు. బలాల బాణాల మధ్య వేగం బాణం చేరితే, మూడో బొమ్మలో కిందికి ఏదో బలం మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి అంతా తప్పుతుంది.

గాలిలో పడే బరువైన వస్తువులకి ఉత్ప్లవన బలాన్ని, అంటే చుట్టూ ఉన్న గాలి లేదా ద్రవం పైకి నెట్టే బలాన్ని, వదిలేయొచ్చు. ద్రవంలో పడేవాటికి వదలకూడదు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

ఇప్పుడు అంకెలు పెట్టండి. రెండు గ్రాముల కాగితం కోన్ తీసుకుందాం. దాని భారం 0.0196 న్యూటన్లు. చరమ వేగం సెకనుకి 1.52 మీటర్లు అనుకోండి, ఆ అంకె ఎలా వచ్చిందో ఐదో దశలో తేలుతుంది. వేగంతో పాటు ఏం మారుతుందో చూడండి:

- వేగం 0: నిరోధం 0, త్వరణం 9.8
- వేగం 0.76, అంటే సగం: నిరోధం 0.0049, త్వరణం 7.35
- వేగం 1.14, అంటే ముప్పావు: నిరోధం 0.0110, త్వరణం 4.3
- వేగం 1.37, అంటే 90 శాతం: నిరోధం 0.0159, త్వరణం 1.9
- వేగం 1.52: నిరోధం 0.0196, త్వరణం 0

రెండో వరుస దగ్గర కాస్త ఆగండి. వేగం సగానికి చేరింది కాబట్టి నిరోధం కూడా సగం ఉంటుందనుకుంటాం. కాదు, పావు వంతే ఉంది. నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మొదట్లో నెమ్మదిగా పెరిగి, చివర్లో ఒక్కసారిగా మీదపడుతుంది. వేగం, కాలం గ్రాఫు మొదట తిన్నగా ఎక్కి తర్వాత వంగి చదునవడానికి కారణం ఇదే.

## 3. "సమానమైతే ఆగాలి కదా?" అన్న చిక్కు విప్పుకోండి

చదునైన రోడ్డు మీద ఒకే వేగంతో సైకిల్ తొక్కుతున్నప్పుడు మీరు ముందుకి తోసే బలం, గాలీ రాపిడీ వెనక్కి లాగే బలం సమానంగానే ఉంటాయి. సైకిల్ ఆగిపోయిందా? లేదు. బలం వేగాన్ని మారుస్తుంది. ఉన్న వేగాన్ని నిలబెట్టడానికి ఫలిత బలం అక్కర్లేదు.

కోన్ విషయంలోనూ అంతే. ఫలిత బలం సున్నా అయిన క్షణంలో దానికి 1.52 వేగం ఉంది. దాన్ని పెంచేదీ తగ్గించేదీ లేదు. అలాగే పడుతుంది.

ఇంకో పరీక్ష చేసుకోండి. వేగం ఏ కారణంగానో కొంచెం పెరిగిందనుకుందాం. నిరోధం భారాన్ని మించుతుంది, వేగం తగ్గుతుంది. కొంచెం తగ్గిందనుకుందాం. భారానిది పైచేయి అవుతుంది, వేగం పెరుగుతుంది. ఎటు జరిగినా మళ్లీ అక్కడికే వస్తుంది. పిల్లలకి చెప్పేటప్పుడు నేను సూత్రం కంటే ముందు ఇదే చెప్తాను. ఇది పట్టుబడితే మిగతాది లెక్కే.

## 4. ఏ సూత్రం వాడాలో తేల్చుకోండి

ఈ దశని దాటేసి నేరుగా లెక్కలోకి వెళ్లేవాళ్లే ఎక్కువ. రెండు సూత్రాలున్నాయి:

- చిన్నవి, నెమ్మదిగా పడేవి, చిక్కటి ద్రవంలో పడేవి: నిరోధం వేగానికి అనులోమంగా ఉంటుంది. ఇది స్టోక్స్ నియమం.
- పెద్దవి, వేగంగా పడేవి: నిరోధం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది.

ఏది వాడాలో రెనాల్డ్స్ సంఖ్య చెప్తుంది:

రెనాల్డ్స్ సంఖ్య = సాంద్రత × వేగం × వ్యాసం ÷ స్నిగ్ధత

సాంద్రత, స్నిగ్ధత (చిక్కదనం) రెండూ చుట్టూ ఉన్న గాలివి లేదా ద్రవానివి, పడే వస్తువువి కావు. గాలి స్నిగ్ధత 0.000018 పాస్కల్ సెకన్లు. జవాబు 1 కంటే తక్కువైతే స్టోక్స్. 1,000 దాటితే వర్గం సూత్రం. మధ్యలో ఉంటే రెండూ ఉజ్జాయింపే. మన కోన్‌కి 1.2 × 1.52 × 0.15 ÷ 0.000018 చేస్తే 15,000 పైనే వస్తుంది. వర్గం సూత్రమే.

తప్పు సూత్రం ఎంత దూరం తీసుకెళ్తుందో వాన చినుకుతో చూపిస్తాను. 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చినుకుకి స్టోక్స్ వాడితే చరమ వేగం సెకనుకి 121 మీటర్లు వస్తుంది. అంత వేగంతో పడితే వానలో బయటికి వెళ్లగలమా? వర్గం సూత్రంతో 6.8 వస్తుంది. నిజంగా కొలిస్తే దాదాపు 6.5. అయినా వాన చినుకుకి స్టోక్స్ వాడమనే లెక్కలు పరీక్షల్లో కనిపిస్తూనే ఉంటాయి. మార్కుల కోసం చేయండి, నమ్మకండి. మేఘంలోని 0.02 మిల్లీమీటర్ల బిందువుకి మాత్రం స్టోక్స్ బాగా సరిపోతుంది. సెకనుకి 1.2 సెంటీమీటర్లు. మేఘం మన నెత్తిన పడకపోవడంలో ఈ అంకెకి వాటా ఉంది.

## 5. చరమ వేగం లెక్కకట్టండి

గాలి నిరోధం = ½ × గాలి సాంద్రత × డ్రాగ్ గుణకం × వైశాల్యం × వేగం వర్గం

చరమ వేగం దగ్గర ఇది భారానికి సమానం. అందుకే లెక్క ఈ వరుసలో చేయండి:

1. భారం కట్టండి. కోన్‌కి 0.002 × 9.8 = 0.0196.
2. వైశాల్యం కట్టండి. కోన్ నోరు వ్యాసార్థం 7.5 సెంటీమీటర్లు. 3.14 × 0.075 × 0.075 = 0.0177.
3. వేగం తప్ప మిగతావన్నీ గుణించండి. ½ × 1.2 × 0.8 × 0.0177 = 0.0085. ఇక్కడ 0.8 అనేది ఇలాంటి కోన్‌కి నేను వేసుకున్న అంచనా. మీ అసలు అంకె ప్రయోగంలో బయటపడుతుంది.
4. మొదటిదాన్ని మూడోదానితో భాగించండి. 2.3 వస్తుంది.
5. వర్గమూలం తీయండి. సెకనుకి 1.52 మీటర్లు.

తప్పులు ఎక్కువగా దొర్లేది రెండో మెట్టులో. కావలసింది ఎదురు వైశాల్యం, అంటే సరిగ్గా కింద నిలబడి తలెత్తి చూస్తే కనిపించే వృత్తం. కోన్ పక్క ఉపరితలం కాదు. గోళానికి కూడా అంతే, ఉపరితలం మొత్తం తీసుకుంటే వైశాల్యం నాలుగు రెట్లు పెరిగి వేగం సగానికి పడిపోతుంది. మీ జవాబు అసలుదానికి సరిగ్గా సగమో రెట్టింపో వచ్చిందంటే ముందు ఇక్కడే వెతకండి. వ్యాసార్థం బదులు వ్యాసం వేసినా ఇదే జరుగుతుంది.

సరిచూసుకోవడానికి రెండు జవాబులు: 2.7 గ్రాములు, 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి సెకనుకి 8.6 మీటర్లు. 160 గ్రాములు, 72 మిల్లీమీటర్ల క్రికెట్ బంతికి 37 మీటర్లు. రెండింటికీ 0.47 వేశాను.

## 6. ఎంత ఎత్తు కావాలో ముందే చూసుకోండి

ప్రయోగాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. వస్తువుని వదలగానే చరమ వేగం రాదు. కొంత దూరం పడాలి. ఆ దూరం కట్టడానికి ఒక సులువుంది: చరమ వేగం వర్గాన్ని 9.8తో భాగించండి. వచ్చినన్ని మీటర్లు పడేసరికి వేగం 93 శాతానికి, దానికి రెట్టింపు దూరం పడేసరికి 99 శాతానికి చేరుతుంది.

- ఒక కోన్: 0.24 మీటర్లు
- టేబుల్ టెన్నిస్ బంతి: 7.6 మీటర్లు
- క్రికెట్ బంతి: 140 మీటర్లు

మేడ మీంచి క్రికెట్ బంతి వదిలి చరమ వేగం కొలిచామని ఎవరైనా చెప్తే నమ్మకండి. అంత ఎత్తులో అది ఇంకా వేగం పుంజుకుంటూనే ఉంటుంది. కాగితం కోన్ అయితే మీ మోకాలి ఎత్తు దూరంలోనే దాదాపు స్థిరపడుతుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

నిజానికి కోన్‌కి ఈ దూరం కొంచెం ఎక్కువే పడుతుంది. దాని పొట్టలో దాదాపు అర గ్రాము గాలి ఉంటుంది, అది కూడా కోన్‌తో పాటు వేగం అందుకోవాలి. చరమ వేగం మీద దీని ప్రభావం ఉండదు. దూరానికి కాస్త వదులు ఇస్తే చాలు.

## 7. కోన్లు చేయండి

1. ఏ4 కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి కోయండి.
2. మధ్యలోంచి ఒకదానికొకటి లంబంగా రెండు గీతలు గీయండి. నాలుగు పావులు అవుతాయి.
3. ఒక పావుని కోసి తీసేయండి. అంటించడానికి ఒక అంచున 1 సెంటీమీటరు పట్టీ మిగల్చండి.
4. అంచులు కలిపి పట్టీ మీద సన్నటి టేపు వేయండి. నోరు అడ్డంగా 15 సెంటీమీటర్లు వచ్చిందో లేదో కొలవండి.
5. ఇలాంటివే నాలుగు చేయండి. ఒకదాంట్లో ఒకటి బిగుతుగా కూర్చోవాలి.

వృత్తం రెండున్నర గ్రాములు, అందులో ముప్పావు 1.9, పట్టీ టేపు కలిపి సుమారు 2 గ్రాములు. నాలుగింటికీ టేపు ఒకే కొలతలో వేయండి.

పావు ముక్కని కోయకుండా లోపలికి మడిచేస్తే పని తేలిక కదా అనిపిస్తుంది. మొదటిసారి నేనూ అదే చేశాను. మడిచిన వైపు కాగితం రెండు పొరలై బరువెక్కి, కోన్ అటువైపు ఒరిగి, నేలకి దిగకుండా గాల్లో జారుకుంటూ వెళ్లి గోడకి తగిలింది. ఒకటి రెండు కాదు, ప్రతిసారీ. కారణం తెలియక అరపూట కిటికీలు మూసుకుంటూ కూర్చున్నాను.

## 8. వదలండి, వీడియో తీయండి

నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తు కావాలి. మొదటి మీటరున్నర స్థిరపడటానికి, చివరి మీటరు కొలవడానికి. గోడ మీద నేల నుంచి 1 మీటరు ఎత్తులో ఒక గుర్తు, నేల దగ్గర ఇంకోటి పెట్టండి.

వదిలే ముందు చూసుకోవాల్సినవి:

- ఫ్యాను ఆపారా? ఆపాక గాలి నెమ్మదించడానికి రెండు నిమిషాలు ఆగారా?
- కిటికీలు, తలుపులు మూశారా?
- ఫోన్ కనీసం 3 మీటర్ల దూరంలో, అర మీటరు ఎత్తులో, నిటారుగా ఉందా?
- రెండు గుర్తులూ ఫ్రేములో కనిపిస్తున్నాయా?
- కోన్ పడే దారి గోడకి దగ్గరగా, కానీ తగలకుండా ఉందా?
- స్టూలు ఊగకుండా ఎవరైనా పట్టుకున్నారా?

కోన్ మొన కిందికి ఉండాలి. నోటి అంచుని రెండు వైపులా వేళ్ల కొసలతో పట్టుకుని, రెండు చేతులూ ఒకేసారి పక్కలకి తీసేయండి. కిందికి తోయకండి, విసరకండి. ఒక వేలు ఆలస్యమైనా కోన్ వంకరగా మొదలవుతుంది.

ఒక కోన్‌తో ఐదుసార్లు, రెండు కోన్ల దొంతరతో ఐదుసార్లు, అలా నాలుగు దాకా చేయండి. దొంతర పెట్టేటప్పుడు అతుకులు తలో వైపూ ఉండేలా తిప్పండి. వంకరగా పడ్డవాటిని లెక్కలోకి తీసుకోకండి. అయితే వంకరగా పడిందని వీడియో చూసి తేల్చాలి, వేగం నచ్చలేదని కాదు.

## 9. వీడియో నుంచి వేగం తీయండి

కోన్ మొన పై గుర్తు దాటిన ఫ్రేము నుంచి నేల తాకిన ఫ్రేము దాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. సెకనుకి 120 ఫ్రేముల వీడియోలో 79 వచ్చాయనుకోండి. 79 ÷ 120 = 0.66 సెకన్లు. 1 మీటరుని దానితో భాగిస్తే 1.52.

స్టాప్‌వాచ్ పనికిరాదు. వేలు నొక్కడంలో ఆలస్యమే 0.2 సెకన్ల దాకా ఉంటుంది, కొలిచేదేమో 0.66. మామూలు 30 ఫ్రేముల వీడియో ఒక కోన్‌కి సరిపోతుంది గానీ, నాలుగు కోన్ల దగ్గర మొత్తం ఫ్రేములే పది. ఒక్క ఫ్రేము తేడా వచ్చినా పది శాతం తప్పు.

వేగం నిజంగా స్థిరపడిందా? ఇది తప్పకుండా చూడండి. చివరి మీటరుని రెండు అర మీటర్లుగా చేసి ఫ్రేములు వేరువేరుగా లెక్కపెట్టండి. రెండూ సమానమైతే చరమ వేగం వచ్చినట్టే. కింది సగంలో ఫ్రేములు తక్కువ వస్తే ఇంకా వేగం పెరుగుతోంది, ఎత్తు చాలలేదు.

## 10. లెక్కతో పోల్చండి

కోన్లు ఒకటి నుంచి నాలుగైతే భారం నాలుగు రెట్లు, ఆకారం మాత్రం అదే. వేగం రెండు రెట్లు కావాలి. అంచనాలు:

- 1 కోన్: 1.52 మీటర్లు, 79 ఫ్రేములు
- 2 కోన్లు: 2.15 మీటర్లు, 56 ఫ్రేములు
- 3 కోన్లు: 2.63 మీటర్లు, 46 ఫ్రేములు
- 4 కోన్లు: 3.04 మీటర్లు, 39 ఫ్రేములు

మీ అంకెలు ఇవే రావాలని లేదు. నేను వేసిన 0.8 మీ కోన్‌కి సరిపోకపోవచ్చు. చూడాల్సింది నిష్పత్తులు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా కోన్ల సంఖ్య, నిలువుగా వేగం వర్గం పెట్టండి. చుక్కలు సున్నా గుండా పోయే సరళరేఖ మీద పడితే నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతోందని మీరే నిరూపించినట్టు.

తర్వాత లెక్కని తిరగేసి మీ డ్రాగ్ గుణకం తీయండి: భారాన్ని రెట్టింపు చేసి, గాలి సాంద్రత × వైశాల్యం × వేగం వర్గంతో భాగించాలి. ఒక కోన్‌కి 1.6 వేగం వస్తే గుణకం 0.72. పుస్తకంలో అంకె వెతకడం కంటే ఇదే మేలు.

ఇలాంటిదే ఇంకో కోన్ చేసి, దాన్ని నలిపి 5 సెంటీమీటర్ల ఉండ చేసి అదే ఎత్తు నుంచి వదిలి చూడండి. బరువు ఏమాత్రం మారలేదు. చరమ వేగం మాత్రం సుమారు 5.8కి ఎగబాకింది, రెండున్నర మీటర్లలో అది అక్కడికి చేరనే చేరదు. బరువైనవే వేగంగా పడతాయన్న మాటని ఇంతకంటే తేలిగ్గా తీసిపారేసే దారి నాకు తెలియదు.

## 11. తేడా వస్తే ఎక్కడ వెతకాలి

అన్ని వేగాలూ ఒకే నిష్పత్తిలో ఎక్కువ వస్తున్నాయి. గుర్తులు గోడ మీద ఉన్నాయి, కోన్ గోడకి ముందు పడుతోంది. ఫోన్‌కి కోన్ 3 మీటర్ల దూరంలో, గోడ 3.3 మీటర్ల దూరంలో ఉంటే గోడ మీది 1 మీటరు కోన్ దారిలో 91 సెంటీమీటర్లే. కోన్ పడే తలంలోనే ఒక స్కేలు నిలబెట్టి మొదట దాన్ని వీడియో తీసుకోండి.

ఒకటి, రెండు కోన్లు సరిపోయాయి, ఆపైన రేఖ కిందికి వంగింది. ఎత్తు చాలలేదు. తొమ్మిది కోన్లు పెట్టి మూడు రెట్లు చూపిద్దామని చాలామంది ప్రయత్నిస్తారు. మీటరున్నర పడేసరికి ఆ దొంతర తన చరమ వేగంలో 87 శాతమే అందుకుంటుంది. నాలుగుతో ఆపండి.

ఐదుసార్లలో ఐదు వేర్వేరు జవాబులు. గాలి కదులుతోంది, లేదా వదలడంలో తేడా ఉంది. ఒక సన్నటి దారప్పోగు వేలాడదీసి కదులుతుందేమో చూడండి.

కోన్ ఊగుతూ పడుతోంది. నోరు గుండ్రంగా లేదు, లేదా టేపు ఒక చోట ఎక్కువైంది.

లెక్కలో వేగం మరీ ఎక్కువో మరీ తక్కువో వచ్చింది. గ్రాములు, సెంటీమీటర్లు మార్చకుండా వేశారు.

## 12. చరమ వేగం మారే సందర్భాలు

ఒక వస్తువుకి ఒకే చరమ వేగం ఉంటుందనుకోవద్దు. పొట్ట కిందికి పెట్టి పడే స్కైడైవర్‌కి అది సెకనుకి సుమారు 55 మీటర్లు. తల కిందులుగా నిటారుగా పడితే 80 దాటుతుంది. మనిషి అదే, బరువు అదే.

పారాచూట్ తెరుచుకున్నప్పుడు నాలుగో బొమ్మ గీయాలి. పైకి బాణం భారం కంటే చాలా పొడవుంటుంది. త్వరణం పైకి, ప్రయాణం కిందికే. వేగం తగ్గుతూ సెకనుకి 5 మీటర్ల దగ్గర కొత్త చరమ వేగంలో స్థిరపడుతుంది. వీడియోల్లో ఆ మనిషి జివ్వున పైకి ఎగిరినట్టు కనిపించడానికి కారణం, కెమెరా పట్టుకున్నవాళ్లు ఇంకా పాత వేగంతోనే కిందికి పడిపోతుండటం.

వేగం 55 నుంచి 5కి రావాలంటే డ్రాగ్ గుణకం, వైశాల్యం కలిపి 121 రెట్లు పెరగాలి. గుడ్డ మొత్తం ఆ క్షణంలోనే విచ్చుకుంటే మనిషి మీద తన బరువుకి 121 రెట్ల బలం పడుతుంది. ప్రాణం మిగలదు. అందుకే తాళ్ల మీద స్లైడర్ అనే గుడ్డముక్క ఉంటుంది, అది జారుతూ దిగేకొద్దీ పారాచూట్ నెమ్మదిగా విప్పారుతుంది.

గాలి పలచబడినా చరమ వేగం పెరుగుతుంది. 2012 అక్టోబర్ 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ సుమారు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి గంటకి 1,357 కిలోమీటర్లు అందుకున్నాడు. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడి, పారాచూట్ తెరవకముందే ఆయన వేగం బాగా తగ్గిపోయింది. గాలే లేని చంద్రుడి మీద చరమ వేగం అన్న మాటే ఉండదు. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ వదిలిన సుత్తి, ఈక కలిసే నేలని తాకాయి.

## 13. ద్రవంలో చేసేవాళ్లకి

గ్లిజరిన్‌లో ఉక్కు గుండు వేసే ప్రయోగానికి బొమ్మలో మూడో బాణం తప్పనిసరి, ఉత్ప్లవన బలం పైకి. గుండు సాంద్రతలోంచి ద్రవం సాంద్రత తీసేసి లెక్క చేయాలి.

చరమ వేగం = 2/9 × వ్యాసార్థం వర్గం × సాంద్రతల తేడా × 9.8 ÷ స్నిగ్ధత

2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గుండుకి 20 డిగ్రీల దగ్గర సెకనుకి దాదాపు 1 సెంటీమీటరు వస్తుంది. రెనాల్డ్స్ సంఖ్య 0.02 లోపే కాబట్టి స్టోక్స్ నిశ్చింతగా వాడొచ్చు. ఈ వేగానికి స్టాప్‌వాచ్ కూడా చాలు.

ఇక్కడ ఇబ్బందిపెట్టేవి రెండు:

- గొట్టం వెడల్పు. 4 సెంటీమీటర్ల గొట్టంలో కూడా గోడల ప్రభావం వల్ల గుండు దాదాపు 10 శాతం నెమ్మదిస్తుంది. ఉన్నంతలో వెడల్పైన పాత్ర తీసుకుని, గుండుని సరిగ్గా నడిమధ్యన వదలండి.
- ఉష్ణోగ్రత. 20 డిగ్రీల నుంచి 30కి పెరిగితే గ్లిజరిన్ స్నిగ్ధత సగానికంటే తక్కువకి పడిపోతుంది, గుండు వేగం రెట్టింపు దాటుతుంది. థర్మామీటరు ద్రవంలోనే ఉంచి ప్రతి కొలత పక్కనా డిగ్రీలు రాసుకోండి. గుండుని వేళ్లతో కాకుండా పట్టకారుతో పట్టుకుని, ముందు కాస్త గ్లిజరిన్‌లో ముంచి తీసి వదలండి. లేకపోతే గాలి బుడగ అంటుకుని దాంతోపాటే దిగుతుంది.